మూడు నిమ్మకాయలు, రెండు మిల్లీమీటర్లు

కె.సి. కెనాల్‌లో తేలిన శవం జేబులో పర్సు లేదు, ఫోను లేదు. అగ్గిపెట్టెలో సగమంత ఉన్న నల్లటి ప్లాస్టిక్ ముక్క మాత్రం ఒకటి దొరికింది. దాని ఒక పక్క కరిగి, చల్లారి, బొబ్బలాగా గట్టిపడింది.

చనిపోయినవాడు పెద్దన్న. కర్నూలులో కంప్యూటర్లు రిపేరు చేసుకుని బతికేవాడు. మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయి. కుడిచేతి బొటనవేలు కాలింది.

మరునాడు ఉదయం తొమ్మిదింటికి ఏజెంట్ 518 ఒక జిరాక్స్ షాపు మెట్లెక్కాడు. అసలు పేరు ఏసన్న. కోసిగి వాడు. అమ్మానాన్నలు ఏటా గుంటూరు పక్క మిరపకాయల కోతకు వలస పోయేవాళ్ళు. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడు అతనే. కౌంటర్ వెనక కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ తలెత్తకుండానే అడిగింది.

"ఆధార్ రెండు పక్కలా తీయాల్నా?"

"ఒక పక్క చాలు. రెండో పక్క మా ఇంట్లోవాళ్ళు కూడా చూడలేదు."

కోడ్ సరిపోయింది. ఆవిడ షట్టరు సగం దించి వెనక గదిలోకి నడిచింది. నాగలక్ష్మమ్మ. రాయలసీమ సెక్షన్‌కు చీఫ్. వీధిలో అందరికీ మాత్రం ఆవిడ జిరాక్స్ అక్కే. బల్ల మీద కవరు విప్పి కరిగిన ప్లాస్టిక్ ముక్కను చూపించింది.

"ఇదేందో చెప్పు."

ఏసన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాలువ నీటి వాసన పోలేదు.

"పెద్ద గ్రాఫిక్స్ కార్డుకు కరెంటిచ్చే ప్లగ్గు మేడమ్. పన్నెండు పిన్నులు, పైన నాలుగు చిన్నవి. ఆరొందల వాట్లు దీంట్లోనే పోవాలి. పూర్తిగా లోపలికి నొక్కితే ఏమీ కాదు. రెండు మిల్లీమీటర్లు బయట మిగిలితే కరెంటంతా అందిన కాడికి ఒకటి రెండు పిన్నుల మీద పడి ఇట్లా కరుగుతుంది."

"రెండు మిల్లీమీటర్లకేనా?"

"యాభై ఆంపియర్లు మేడమ్. చేనులో బోరు మోటారు కూడా అంత లాగదు. లావుపాటి వైరు పెట్టాల్సిన కాడ వేలెడు ప్లగ్గు పెట్టినారు."

నాగలక్ష్మమ్మ తల పంకించింది. బ్రీఫింగ్ ఐదు నిమిషాల్లో ముగిసింది.

మన ఆఫీసరు ఒకరి దగ్గర నుంచి ఒక డిస్క్ పోయింది. అందులో నలభై ఒక్క పేర్లున్నాయి. ప్రాణాలకు తెగించి మనకు సమాచారమిచ్చేవాళ్ళ పేర్లు. డిస్క్‌కు తాళం ఉంది. పాస్‌వర్డ్ పగలగొట్టాలంటే కోట్ల లెక్కలు సెకన్లలో చేసే గ్రాఫిక్స్ కార్డు కావాలి. కార్విన్ అనే విదేశీ గూఢచారి దాని కోసమే వచ్చాడు. ఏ దేశమో ఫైల్లో ఉంది, ఇక్కడ రాయకూడదు. మొదటి కార్డు పెద్దన్న చేతుల్లో కాలిపోయింది. అందుకే అతన్ని చంపారు. రెండో కార్డు పట్టుచీరల పెట్టెలో నిన్న మద్రాసు నుంచి దిగింది.

"పదిహేడో పేరు ఇప్పుడు వాళ్ళ మధ్యలోనే ఉండాది," అంది నాగలక్ష్మమ్మ. "మన మనిషి. స్క్రీను మీద ఆ పేరు కనపడిన నిమిషానికి ఆ ప్రాణం పోతాది. డిస్క్ వాళ్ళ దగ్గరే వదిలి తప్పించుకుని వస్తే మిగతా నలభై మందికి గండం. మెకానిక్ కావాలంటే నీ ఫోను నంబరు కార్విన్‌కు అందించింది ఆ మనిషే. నువ్వింక ఏసన్నవి కాదు. చంద్ర. గేమింగ్ సిస్టమ్స్ కట్టే మెకానిక్‌వి."

"షెడ్డు యాడ మేడమ్?"

"అదే తెలీదు. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి పాలిష్ షెడ్లు వందల్లో ఉండాయి. మన మనిషిని కూడా కళ్ళకు గంతలు కట్టే తీసుకపోతారు. ఈరోజు యూనియన్ బంద్, అన్ని షెడ్లూ మూత. జీపులో పోతే రెండు మైళ్ళ నుంచే మన దుమ్ము కనపడుతుంది. అందుకని రాళ్ళ టిప్పర్లలో తిరుగుతాంటాం. మెషిన్లు ఆగిపోయిన చోట ఏ షెడ్డులో పొగ లేస్తే అదే అడ్రసు."

ఆవిడ ఒక కరెంటు టెస్టర్ ఇచ్చింది. పిడిలో సన్నటి గాజు గొట్టం, అందులో యాసిడ్. ప్లగ్గు మీద రెండు చుక్కలు వేస్తే పావుగంటకు పొగ వస్తుంది.

"మన మనిషిని గుర్తుపట్టేదెట్లా?"

"ఒంటిమిట్ట కల్యాణానికి పోయినావా అని అడుగుతారు. పోయినా గానీ పందిరి బయటే నిలబడినా అను."

పదకొండు గంటలకు కారొచ్చింది. కళ్ళకు కట్టిన గుడ్డకు ఎవరిదో తలనూనె కంపు. రెండు గంటలు ఊపిరి బిగబట్టుకున్నాడు. గంతలు విప్పేసరికి ఎదురుగా కనిపించింది అంతకన్నా అసహ్యంగా ఉంది.

పొడవాటి రేకుల షెడ్డు. నేలంతా రాళ్ళు పాలిష్ పట్టిన బూడిదరంగు బురద, సగం ఎండి పెచ్చులు లేచింది. గోడల మీద మనిషెత్తు దాకా గుట్కా ఉమ్ములు. ఒకదాని మీద ఒకటి పడి ఆరి, కొత్తవి ఇంకా జారుతున్నాయి. మూలనున్న టీ గ్లాసుల్లో ఈగలు తేలుతున్నాయి. గోడ పైన ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోంది గానీ దాని రెక్కలకు బూజు వేలాడుతోంది. మధ్యలో రాతి బల్ల మీద కంప్యూటర్ క్యాబినెట్, అద్దం తలుపుతో.

"రాప్పా, రా," అన్నాడు షెడ్డు యజమాని నరసింహ. తెల్ల చొక్కా, మెడలో లావు గొలుసు. మాట్లాడుతూనే పక్కకు ఉమ్మాడు. ఉమ్మి క్యాబినెట్ కాలి మీద పడింది. అతను చూసుకోలేదు. "శానా పొద్దు చేసినావే."

అతని వెనక కార్విన్ నిలబడ్డాడు. తెల్లటి గ్లవ్స్ వేసుకున్నాడు. సెంటు పూసిన చేతిరుమాలు ముక్కుకు అదిమి పట్టుకున్నాడు. తెలుగును పుస్తకాల్లో నేర్చుకున్నట్టుంది.

"కూర్చొనుడు. వీరి వస్తువులను సోదా చేయుడు."

సోదా చేసింది ఒక ఆడమనిషి. అంత మురికిలో ఆకుపచ్చ పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు, నల్లకళ్ళద్దాలు. పేరు మధులత. కడపలో ఆమె బ్యూటీపార్లరు తెలియని ఆఫీసర్ల భార్యలు లేరు. ముఠాకు కబుర్లు మోసేది ఆమేనని ఏసన్న ఫైల్లో చదివాడు. వెంటనే అసహ్యం వేసింది.

ఆమె సంచిలోంచి టెస్టర్ తీసింది. నరసింహ చేయి చాపాడు. "కొత్త రకం టెస్టర్ మాదిరి ఉండాదే. ఇట్లా ఇయ్యి, విప్పి చూస్తా."

మధులత దాన్ని అతనికివ్వలేదు. "తుప్పు పట్టినాది," అని గుమ్మం పక్కనున్న బురద గుంటలోకి విసిరేసింది. బుడుంగుమని మునిగింది. ఏసన్న ముఖం కదలలేదు. ఉన్న ఒక్క ఆయుధమూ పోయింది.

ఆమె సంచి అతని ఒళ్ళో పడేస్తూ తాపీగా అడిగింది. "నిన్నెక్కడో చూసినట్టుంది. ఈసారి ఒంటిమిట్ట కల్యాణానికి పోయినావా?"

ఏసన్న ఒక క్షణం ఆమె నల్లద్దాల వైపే చూశాడు. పదిహేడో పేరు. అతని కళ్ళ ముందే పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది.

"పోయినా గానీ పందిరి బయటే నిలబడినా."

"అదృష్టం లేదులే," అని ఆమె వెనక్కి తిరిగింది. నరసింహ ఆ పిడి విప్పి ఉంటే యాసిడ్ అతని చేతి మీద పడేది. ఆ తర్వాత ఇద్దరి శవాలూ కెనాల్‌లో తేలేవి.

ఏసన్న క్యాబినెట్ తలుపు తీశాడు. లోపల చూసి ముఖం తిప్పుకున్నాడు. పవర్ సప్లై జాలీలో ఎండిన బల్లి. ఫ్యానుల కింద గుట్కా పొట్లాలు, జుట్టు, దుమ్ము. ఇంకా ఘోరం వైర్లు. పవర్ సప్లై నుంచి ఒక్కటే కేబుల్ తెచ్చి, మధ్యలో కోసి, నాలుగుగా మెలిపెట్టి, ఆటోలకు చుట్టే టేపు చుట్టారు. మోయాల్సిన కరెంటులో పావు వంతు కూడా మోయలేదది.

"ఇది చేసింది పెద్దన్నేనా?" అన్నాడు, నోరు జారి. వెంటనే సర్దుకున్నాడు. "ముందు చేసినాయన పేరు అదేనని కారులో అనుకుంటాంటే విన్నా."

"ఆయప్ప నాలుగు కేబుళ్ళు కావాలనె," అన్నాడు నరసింహ. "ఎందుకప్పా, ఉన్నదాన్ని చీల్చుకోమని నేనే చెప్తి. టేపు కూడా నేనే ఇచ్చినా. కార్డు కాలిపాయ. దొరకు కోపమొచ్చె." కర్నూలు ఎండ గురించి మాట్లాడుతున్నట్టే చెప్పాడు. "ఆయప్ప కాకపోతే ఇంకొకడు. మెకానిక్కులు శానామందుండారులే."

ఏసన్న ఆ టేపు చుట్టిన కేబుల్‌ను ఊడబెరికాడు. తప్పు పెద్దన్నది కాదు. సరైన పని తెలిసినవాడిని దొంగ పని చేయించి, అది చెడిందని చంపారు.

"నాక్కూడా నాలుగు కావాలి," అన్నాడు. "డబ్బాలో ఉండాయా?"

ఉన్నాయి. కవరు కూడా చింపలేదు.

ఏసన్న సంచిలోంచి నీళ్ళ సీసా తీసి చేతులు కడుక్కున్నాడు. మిరపకాయల పనోళ్ళ ఇంట్లో పుట్టినవాడు చెయ్యి కడగకుండా కన్ను కూడా తుడుచుకోడు. ఆ తర్వాత పని మొదలుపెట్టాడు. పవర్ సప్లై నుంచి నాలుగు వేరు వేరు కేబుళ్ళు తీసుకొచ్చాడు. వాటి నాలుగు తలలనూ అడాప్టరుకు ఒక్కొక్కటిగా బిగించాడు. ఇంక మిగిలింది అడాప్టరు చివరనున్న పన్నెండు పిన్నుల ప్లగ్గు. అది పాత రకమే. కొత్త రకమైతే సగం పెట్టినప్పుడు కార్డే మొరాయిస్తుంది, అసలు ఆనే కాదు. పాతదైతే ఏమీ ఎరగనట్టు ఆనవుతుంది. కాసేపటికి కరుగుతుంది.

రెండు మిల్లీమీటర్లు. యాసిడ్ పోయినా ఆ సందు చాలు. ప్లగ్గును ముక్కాలు వంతు లోపలికి తోసి చేయి తీశాడు.

"చప్పుడు వినబడలేదు," అన్నాడు కార్విన్.

"వచ్చింది సార్."

"రాలేదు. మొదటి కార్డు కాలిన పిమ్మట నేను కంపెనీ సూచనలు ముమ్మారు చదివితిని. క్లిక్ అను శబ్దము రావలెను." టార్చి వేసి వంగాడు. "మరల నొక్కుము."

అతను వంగినప్పుడు నడుముకున్న రివాల్వరు కనిపించింది. ఏసన్న బొటనవేలితో నొక్కాడు. క్లిక్. షెడ్డంతా వినిపించేంత స్పష్టంగా. కార్విన్ టార్చి కాంతిలో నాలుగు పక్కలా చూసి తృప్తిగా తలూపాడు. ఏసన్న జీవితంలో అంత శుభ్రంగా ఏ కార్డుకూ కేబుల్ పెట్టలేదు. దేశద్రోహం చేసినట్టనిపించింది.

"ఇరువది నిమిషములలో జాబితా తెరచుకొనును," అన్నాడు కార్విన్. మధులత ఒక చెయ్యి ఇంకో చెయ్యితో గట్టిగా పట్టుకుంది.

కార్విన్ వేలు స్విచ్ మీదికి పోతోంది. ఏసన్న చేతులు తుడుచుకుంటూ నరసింహ వైపు తిరిగాడు.

"అన్నా, అడుగుతున్నానని అనుకోవద్దు. మొదటి కార్డుకు దిష్టి తీసినారా?"

నరసింహ నమలడం ఆపాడు.

"లేదప్పా. ఈ దొర యాడ ఒప్పుకుంటాడు? కొబ్బరికాయన్నా కొడదామంటి. మూఢనమ్మకమనె."

"మీరు కొత్త టిప్పర్ కొన్నా ఒట్టిగానే తోల్తారా?"

"ఎట్లా తోల్తాం?"

"ఇది టిప్పర్ కన్నా పెద్ద మెషిను గదన్నా. ఇప్పటికే ఒక మనిషిని తినింది. మీ షెడ్డు, మీ ఇష్టం. నాకు మాత్రం ఇది ఆన్ అయ్యేటప్పుడు ఈడ నిలబడాలంటే భయంగా ఉండాది."

చంద్ర పేరుతో వచ్చిన ఏసన్న ఆదివారం ఆదివారం చర్చిలో పాడేవాడు. ఇలాంటి మాట అమ్మ వింటే ఏమంటుందోనని ఒక పక్క సిగ్గేసింది.

నరసింహ స్విచ్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "దొరా, రెండు నిమిషాలు. ఈసారి నా మాట వినకుంటే మెయిన్ పీకేస్తా."

"ఇది విజ్ఞానశాస్త్రము," అన్నాడు కార్విన్.

"ఇది నా మీటరు," అన్నాడు నరసింహ.

కార్విన్ రుమాలు ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "రెండు నిమిషములు. నేను చూడజాలను."

నరసింహ బయట నిలిపిన టిప్పర్‌లోంచి ఒక దండ పట్టుకొచ్చాడు. పోయిన శనివారం కొని డ్యాష్‌బోర్డు మీద మరిచిపోయిందట. ఇనుప తీగకు గుచ్చిన మూడు నిమ్మకాయలు, ఏడు మిరపకాయలు, కింద ఒక బొగ్గు ముక్క. వారం రోజుల ఎండకు మిరపకాయలు ఎండి గలగలమంటున్నాయి. నిమ్మకాయలు మెత్తబడి, ఒకదానికి తెల్ల బూజు పట్టి, పట్టుకున్న వేళ్ళకు రసం అంటుతోంది. గుట్కా మరకల వేళ్ళతోనే నరసింహ క్యాబినెట్‌కు పసుపు పూసి కుంకుమ పెట్టాడు. కార్విన్ గోడ వైపు తిరిగాడు. గోడ నిండా ఉమ్ములే. కళ్ళు మూసుకున్నాడు.

"యాడ కట్టాలప్పా?"

"కరెంటొచ్చే కాడ. దిష్టి అక్కడే గదా తగిలింది," అన్నాడు ఏసన్న. "ఇట్లా ఇయ్యన్నా, నేను పట్టుకుంటా."

ఎడమచేత్తో కుళ్ళిన నిమ్మకాయలు పట్టుకున్నాడు. వాటి జిడ్డు మణికట్టు దాకా కారింది. కుడిచేతి బొటనవేలు ప్లగ్గు మీదున్న గొళ్ళేన్ని అదిమింది. చప్పుడు లేకుండా ప్లగ్గును రెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగాడు. నరసింహ తీగను కేబుల్‌కు రెండు చుట్లు బిగించాడు. దండ బరువుకు కేబుల్ కిందికి వంగింది. ఆ సందును మూడు నిమ్మకాయలూ కప్పేశాయి.

కార్విన్ వచ్చి టార్చి వేశాడు. బూజు పట్టిన నిమ్మకాయ కనిపించింది. దాన్ని పక్కకు జరపాలని చేయెత్తి, తన తెల్ల గ్లవ్స్ వైపు చూసుకుని, దించేశాడు.

స్విచ్ పడింది. ఫ్యానులు తిరిగాయి. స్క్రీను మీద అంకెలు పరుగెత్తాయి. పది శాతం. ఇరవై. మధులత నల్లద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. నలభై. నరసింహ కొత్త పొట్లం చింపాడు. "చూస్తివా దొరా, ఎట్లా పోతాందో. అంతా నిమ్మకాయ మహిమ."

డెబ్బై. ఏసన్న ముక్కుకు ఒక సన్నటి వాసన తగిలింది. వేడెక్కిన ప్లాస్టిక్. ఇంకెవరికీ అందలేదు. కార్విన్ ముక్కుకు సెంటు రుమాలుంది. నరసింహ ముక్కు గుట్కాకు ఎప్పుడో చచ్చిపోయింది.

ఎనభై ఎనిమిది. తొంభై మూడు. నిమ్మరసం చుయ్‌మంది.

"ఆ శబ్దమేమి?" అన్నాడు కార్విన్.

"పెద్ద కార్డు గదా సార్. ఫ్యాన్లు."

తొంభై ఏడు. పెట్టె తెరుచుకోబోతున్నట్టు స్క్రీను మీద చిన్న కిటికీ వచ్చింది. మధులత పెదవులు కదులుతున్నాయి. ఏదో దేవుణ్ణి పిలుస్తోంది. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

స్క్రీను నల్లబడింది.

ప్లగ్గులోంచి నీలం మంట నాలుకలా వచ్చింది. పైన గలగలలాడుతున్న ఏడు ఎండుమిరపకాయలూ ఒక్కసారి అంటుకున్నాయి. కింద గుట్కా పొట్లాలు తోడయ్యాయి. మిరపకాయ పొగ షెడ్డంతా కమ్మింది. కార్విన్ రుమాలు వదిలేసి గుండెలు పట్టుకుని దగ్గాడు. తెల్ల గ్లవ్స్‌తోనే కళ్ళు నులుముకున్నాడు. నరసింహకు నోట్లో గుట్కా గొంతులోకి పోయింది.

ఏసన్నకు మాత్రం అది చిన్నప్పటి గాలి. మిరపకాయల కల్లాల్లో అమ్మ పక్కన పడుకున్నప్పుడు పీల్చిన ఘాటు. కళ్ళలో నీళ్ళు కారుతున్నా చెయ్యి ఆగలేదు. కేబుల్ పీకి, క్యాబినెట్‌లో తగిలించిన ఆ పేర్ల డిస్క్ ఊడదీసి మధులత చేతిలో పెట్టాడు.

"నీ నిమ్మకాయలు," అని కార్విన్ దగ్గుల మధ్య రివాల్వరు తీశాడు. గురి నరసింహ వైపు. "మూర్ఖుడా, నీ నిమ్మకాయల వలననే."

"నా నిమ్మకాయలననొద్దు," అన్నాడు నరసింహ, కళ్ళు తెరవలేక గోడ తడుముకుంటూ. "నువ్వు నమ్మకంగా దండం పెట్టింటే కాలేది కాదు."

రివాల్వరు పేలింది. గుండు రేకు పైకప్పును చీల్చుకుని పోయింది. మధులత ఎత్తు మడమ చెప్పు తీసి కార్విన్ మణికట్టు మీద కొట్టింది. రివాల్వరు బురద గుంటలో పడింది. ఎగ్జాస్ట్ ఫ్యాను మాత్రం తన పని తాను చేసుకుంటూ పొగనంతా ఆకాశంలోకి తోస్తోంది.

నాలుగు నిమిషాల్లో మూడు రాళ్ళ టిప్పర్లు షెడ్డు ముందర ఆగాయి. మొదటి దాంట్లోంచి నాగలక్ష్మమ్మ దిగింది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"పొగ కనపడకముందే ఘాటొచ్చింది," అంది. "ఎవరింట్లోనో తిరగమోత అనుకున్యాం."

సంకెళ్ళు వేస్తుంటే కార్విన్ తన గ్లవ్స్ వైపే చూసుకున్నాడు. పసుపు, మసి, ఇంకేదో ఎర్రటి మరక. నరసింహ దారంతా మరి ఆ దిష్టి ఎవరిదై ఉంటుందని కానిస్టేబుళ్ళను అడుగుతూనే పోయాడు. పెద్దన్న మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.

మధులత టిప్పర్ ఎక్కే ముందు ఏసన్న దగ్గర ఆగింది. "బురదలో వేసినప్పుడు నన్ను తిట్టుకునింటావు."

"శానా తిట్టుకున్నా మేడమ్."

"పర్వాలేదు. బతికుంటే తిట్లు పడొచ్చు," అని ఒక చెప్పుతోనే ఎక్కింది.

సాయంత్రానికి ఏసన్న మూడుసార్లు సబ్బుతో స్నానం చేశాడు. వేళ్ళకు ఇంకా ఆ నిమ్మకాయ కంపు ఉన్నట్టే అనిపించింది. అంతకన్నా లోపల ఇంకేదో గీరుతోంది. పెద్దన్న చేత అతుకుల పని చేయించి చంపారు. అలాంటి చెడ్డ పనినే తాను తెలిసి చేశాడు. జిరాక్స్ షాపు వెనక గదిలో రిపోర్టు రాసి సంతకం పెట్టాడు.

"నీ సర్వీసులో వదులుగా వదిలేసిన పని ఇదొక్కటేనా?" అంది నాగలక్ష్మమ్మ, నవ్వుతూ.

"ఇదొక్కటే మేడమ్. ఇంకోసారి అడగొద్దు."

"సరే. ఇంటికి పోయే ముందర ఆ మూల మన సర్వరొకసారి చూడు. నలభై ఒక్క పేర్లూ ఇంక దాంట్లోనే పెట్టాలంట. రెండు రోజులనుంచి ఉన్నట్టుండి ఆగిపోతాండాది."

ఏసన్న చేతులు కడుక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని, డబ్బా మూత తీశాడు. లోపల చాలాసేపు చూశాడు.

"కేబుల్ రెండు మిల్లీమీటర్లు బయటికే ఉంది మేడమ్," అన్నాడు, క్లిక్‌మనే దాకా నొక్కుతూ. "నిమ్మకాయ మాత్రం గట్టిగానే కట్టినారు."